బుధ, ఆదివారాల్లో పడిపోయే సైటు

అక్టోబరు 2, సోమవారం

పొద్దున్నే పిడుగు. మా శవపెట్టెల కొట్టు సైటు గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుందట. కొత్త ఏడాదికి నాలుగింతలు కట్టాలట. పోయినేడు చేరేటప్పుడు "కాఫీ ఖర్చుకే మీ సొంత వెబ్‌సైటు" అని బొమ్మ వేసి మరీ పిలిచారు. ఇప్పుడు అడుగుతున్నది కాఫీ ఖర్చు కాదు, కాఫీ తోట ఖర్చు. పెళ్ళికి ముందు మా ఆయన ఒల్మేదో కూడా నాతో ఇలాగే నాజూగ్గా మాట్లాడేవాడు.

దాచిపెడదామనుకున్నాను. కానీ నా మొహం దాచదు. ఫలహారానికి వేయించిన రొట్టెలు, ఒహాల్ద్రాలు, వడ్డిస్తుంటే అడిగేశాడు.

"ఏమే, ఎవరైనా పోయారా? బేరమేమైనా వచ్చిందా?"

చెప్పాను.

"మూసెయ్."

"అలా ఎలా మూసేస్తాను? అందులో ఎంతమంది జీవితాలున్నాయో తెలుసా?"

"వాళ్ళంతా నేను చేసిన పెట్టెల్లో ఉన్నారు. పెట్టెకి డబ్బిచ్చారు. జీవితానికి ఎవడూ సెంటు ఇవ్వలేదు."

ఈ మనిషి పెట్టెలు చేస్తాడు, శవాల బండి నడుపుతాడు. కాగితాలు, పువ్వులు, పోయినవాళ్ళ గురించి సైటులో రాయడం నా వంతు. ఊళ్ళో అందరూ నా వంతునే మెచ్చుకుంటారని ఆయనకి కడుపుమంట. అదే అన్నాను. వేలు చూపించి పందెం వేశాడు.

"ఈ ఊళ్ళో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నువ్వు రాసింది మొదటినుంచి చివరిదాకా చదివాడని రుజువు చూపించు. కడతాను. లేకపోతే నెలాఖరుకి మూసెయ్."

ఒక్కడా! ఊరు ఊరంతా తీసుకొచ్చి నిలబెడతాను.

అక్టోబరు 3, మంగళవారం

కంపెనీవాళ్ళతో మాట్లాడాను, అంటే టైపు చేశాను. అటువైపు రమీరో అట. మనిషో యంత్రమో తెలీదు. నేనేం అన్నా "మీ ఇబ్బంది మాకు అర్థమైంది, సెన్యోరా నీమియా" అంటాడు. అర్థమైతే తగ్గించరాదూ అన్నాను. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమన్నాడు. బండెద్దు బరువు లాగలేకపోతోందంటే ఏనుగుని కొనుక్కోమన్నట్టుంది.

కోపం వచ్చి, అసలు ఏడాదిగా నేను దేనికి డబ్బు కట్టానో మొదటిసారి పూర్తిగా చదివాను. ఒకే ప్లాన్‌లో ఎన్ని సైట్లయినా పెట్టుకోవచ్చట! ఏడాదిపాటు పది గదుల ఇల్లు అద్దెకి తీసుకుని వంటింట్లో పడుకున్నాను.

ఒల్మేదోకి చెప్పలేదు.

అక్టోబరు 4, బుధవారం

సైటు పడిపోయింది. పొద్దున ఎనిమిది నుంచి తెల్ల పేజీ. మొన్న దోన్ పావ్లినో పోతే ఆయన గురించి రెండు రోజులు కూర్చుని రాశాను, ఒక్క ముక్కా కనిపించదు.

అందరికంటే ముందు గగ్గోలు పెట్టింది బల్బీనా. మా అరుగు మీదే లాటరీ టికెట్ల పలక పెట్టుకుని కూర్చుంటుంది, బుధవారం, ఆదివారం, డ్రా ఉన్న రోజుల్లో. కిటికీ బాదేసింది.

"అక్కా, పావ్లినో పేజీ రావట్లేదే! జనం అల్లాడిపోతున్నారు!"

"చదవాలని అంత ఆత్రంగా ఉన్నారా?"

"ఆత్రమా! చచ్చిపోతున్నారు! ఇంతకీ ఎన్నేళ్ళు పాపం ఆయనకి?"

"డెబ్భై ఆరు."

"డెబ్భై ఆరు," అంటూ గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది. ఎంత జాలిగుండె ఆ మనిషిది! ఎవరు పోయినా వయసు అడిగి మరీ బాధపడుతుంది.

అక్టోబరు 5, గురువారం

మా సైటులో గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టాను. గుర్రపు జీన్లు కుట్టే హెనారో, గుర్రాలున్నవాళ్ళందరూ తన పనితనం చూస్తారని ఎగిరి ఒప్పుకున్నాడు. ఆకుల్లో చుట్టి ఉడికించే తమాళ్ళు అమ్మే ఉబాల్దీనా మాత్రం ముక్కు చిట్లించింది.

"శవాల పక్కన నా తమాళ్ళేంటి నీమియా? ఎవరైనా తింటారా?"

"పక్కన కాదే. దేని పేరు దానిదే, దేని గుమ్మం దానిదే. మధ్యలో గోడ ఉంటుంది."

"గోడ ఎంత మందం?"

ఆమెని ఒప్పించే పద్ధతి తెలుసు నాకు. ఊళ్ళో ఎక్కువ తమాళ్ళు ఖర్చయ్యేది ఎక్కడ? పోయినవాళ్ళ ఇంటి తొమ్మిది రోజుల ప్రార్థనల్లోనే కదా! నోరు మూసుకుని ఒప్పుకుంది. ముగ్గురం పంచుకుంటే నాలుగింతలు కాస్తా ఒకటిన్నర లోపుకి దిగుతుంది.

అక్టోబరు 8, ఆదివారం

మళ్ళీ పడిపోయింది.

కారణం నాకు తెలుసు. ఆదివారం పూజ నుంచి వచ్చేసరికి మనసులు మెత్తబడి ఉంటాయి, పోయినవాళ్ళు గుర్తుకొస్తారు. మరి బుధవారం? విభూది బుధవారం మన రక్తంలో ఉంది కాబోలు.

ఒల్మేదో మళ్ళీ బండి అద్దం దించి వదిలేశాడు. సీటంతా వాన. అంతమంది చదివే నన్ను తడిసిన సీటు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు.

అక్టోబరు 9, సోమవారం

రమీరో నాకు లెక్కలు చూసే చోటు చూపించాడు. అది కూడా ప్లాన్‌లోనే ఉందట, ఎవరూ చెప్పలేదు. ఎంతమంది వచ్చారు, ఏ ఫోను నుంచి వచ్చారు, ఎంతసేపున్నారు, అన్నీ.

ఆదివారం వచ్చినవాళ్ళు మా ఊరి జనాభా కంటే ఎక్కువ! అంటే పక్క ఊళ్ళవాళ్ళు కూడా. నాకు ఒళ్ళు పులకరించింది.

ఒక్కొక్కరు ఉన్నది సగటున ఎనిమిది సెకన్లు. మా వైపువాళ్ళు చురుకైనవాళ్ళు, చూపుతో మింగేస్తారు.

అసలు సంగతి ఇది కాదు. ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. పాత రకం ఫోను. అంత్యక్రియలు ఉన్న ప్రతి రోజూ వస్తాడు, నలభై నిమిషాలు ఉంటాడు. ప్రతిసారీ నలభై! ఎవరై ఉంటాడు? మా ఊరివాడు కాడు, మా ఊళ్ళో నలభై నిమిషాలు కుదురుగా కూర్చునే మగాడు లేడు. ఏ మాద్రిద్‌లోనో ఒంటరి కవి అయ్యుంటాడు. డబ్బు లేదు, అందుకే పాత ఫోను. అక్షరాలంటే మాత్రం ప్రాణం.

పరుగున వెళ్ళి ఒల్మేదోకి చూపించాను. "ఇదిగో నీ ఒక్కడు!"

సుత్తి పక్కన పెట్టి, అటు తిరిగి మేకులు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"ఫోను చేతిలో పెట్టుకుని నిద్రపోయి ఉంటాడు."

"ప్రతిసారీనా?"

"నీ రాత అలాంటిది."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వీణ్ణి కట్టుకుని ముప్పై ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చానో ఆ దేవుడికే తెలియాలి.

అక్టోబరు 11, బుధవారం

పడిపోయింది.

అక్టోబరు 15, ఆదివారం

పడిపోయింది. ఉబాల్దీనా తమాళ్ళు కూడా దాంతోపాటే పడిపోయాయి. "గోడ ఉందన్నావు!" అని సంత మధ్యలో అరిచింది.

అక్టోబరు 18, బుధవారం

ఈ పొద్దున కూడా పడిపోయింది. రమీరోతో యుద్ధం. మళ్ళీ పెద్ద ప్లాన్ అన్నాడు. నేను కదల్లేదు. ఉన్న ప్లాన్‌లోనే ఏదో ఒకటి ఉంటుంది, ఉన్నదేదో చెప్పి చావమన్నాను. చివరికి దిగొచ్చాడు. ఒకటి, నేను పెట్టే ఫోటోలు మరీ బరువట. పెట్టె ఫోటో ఒక్కటే పెట్టెంత బరువుందట. రెండు, పేజీని ఎవరడిగితే వాళ్ళకి కొత్తగా వండి వడ్డించకుండా, ఒకసారి వండి ఉంచి అందరికీ పంచే మీట ఒకటుందట. మొదటి రోజు నుంచీ ఉందట. నొక్కలేదట!

"మీ ఇబ్బంది మాకు..." అంటున్నాడు. నొక్కేశాను.

అక్టోబరు 19, గురువారం

సెన్యోరీత ఎర్మెలిందా పోయింది. నిద్రలోనే, చేతిలో సూదితో.

ఈ ఊళ్ళో పెళ్ళికూతురు కట్టిన ప్రతి పొయ్యేరా పావడా ఆమె కుట్టిందే. నాదీ. పెళ్ళి చేసుకోలేదు. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అనేది.

"నీమియా, నేను పోయాక ఎనభై నాలుగని రాయి. నేను ఎనభై నాలుగు దగ్గర ఆగిపోయాను."

గుర్తింపు కార్డు మీద తొంభై ఒకటి ఉంది. కాగితాలు చూసేదాన్ని నేనొక్కదాన్నే. ఆడదాని చివరి కోరిక, ఏడేళ్ళు తగ్గిస్తే ఎవరి సొమ్ము పోయింది? పేరు పక్కన ఎనభై నాలుగని పెద్దక్షరాల్లో పెట్టాను.

రాసి రాసి వేళ్ళు నొప్పులు. చర్చి గంట కట్టిన రోజు పేరా రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు.

అక్టోబరు 20, శుక్రవారం

పూజ పదింటికి. జనం చర్చి మెట్ల దాకా. ఒల్మేదో ఎప్పటిలాగే బండి గంట గోపురం కింద ఆపుకుని బయటే ఉన్నాడు, లోపలికి రాడు.

ఇంటికొచ్చాక సూపు తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఎనభై నాలుగేనా?"

"ఆడదాని వయసు అడగడం ఏం సంస్కారం?"

"పోయినదాని వయసేగా."

"పోయినా ఆడదే."

యుక్కా దుంప ముక్క కొరికాడు.

అక్టోబరు 22, ఆదివారం, పొద్దున

నిలబడింది! ఆదివారం, ఇంతమంది మీద పడ్డా, నా సైటు నిక్షేపంలా నిలబడింది! ఎర్మెలిందా పేజీ అందరి ఫోన్లలోనూ. మీట మహిమ.

బల్బీనా పలక చుట్టూ ఈగల్లా జనం. ఒల్మేదో కూడా అక్కడే తచ్చాడుతున్నాడు. జీవితంలో లాటరీ ఆడని పిసినారి, ఆమె దగ్గర దొరికే చూయింగ్ గమ్ కోసం కాబోలు.

అదే రోజు, సాయంత్రం

నాలుగు గంటలకి గుమ్మం ముందు జనం. యాభై మంది ఉంటారు, అందరి చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో నా పేజీ. నా కళ్ళు చెమర్చాయి. జుట్టు సర్దుకుని, మంచి శాలువా కప్పుకుని తలుపు తీశాను.

రాయలేను. రేపు.

అక్టోబరు 23, సోమవారం

రాసేస్తాను. ఎవరికి చెప్పుకోను?

"ఎనభై నాలుగన్నావు కదమ్మా!" అని మొదటి కేక. తర్వాత ఎవరి మాట ఎవరిదో తెలీలేదు. "నా కోడిపెట్టల్ని అమ్మి కొన్నాను!" "చిత్రే పట్నం దాకా వెళ్ళి తెచ్చుకున్నాను ఎనభై నాలుగు!" "ముసలిదానికి తొంభై ఒకటట! మేనకోడలే చెప్పింది!" నిన్నటి డ్రాలో వచ్చింది తొంభై ఒకటి.

నాకు సగం అర్థమై సగం అర్థం కాక బల్బీనా వంక చూశాను. నెత్తి కొట్టుకుంది.

"ఏం అక్కా, నీకు తెలీదా? పోయినవాళ్ళ వయసు మీదే కదా ఊరంతా ఆడేది! నీ పేజీ తెరిస్తే పైన పేరు, పక్కన అంకె. చూస్తాం, మూసేస్తాం. ఊళ్ళో ఎవరూ పోకపోతే పాతవాళ్ళ అంకెలన్నా తిరగేస్తాం."

"మరి... కింద?"

"కింద ఏముంది?"

"నేను రాసింది."

"అదా? ప్రార్థన అనుకున్నామే! అన్నిటికీ ఒకటే ప్రార్థన పెడుతున్నావనుకున్నాం."

ఎనిమిది సెకన్లు. బుధవారం, ఆదివారం. చిన్నపిల్లకి కూడా తెలిసేది. నా కళ్ళకి నేనే గంతలు కట్టుకుని ఊరంతా ఊరేగాను. ఏడాది. ముప్పై మంది జీవితాలు. ఒక్కరు, ఒక్కరు కూడా చదవలేదు.

ఏడ్చాను. తమాళ్ళకి ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పాను ఒల్మేదోతో. మా ఇంట్లో తమాళ్ళు చెయ్యం.

అక్టోబరు 24, మంగళవారం

రమీరోకి రాశాను, మూసెయ్యమని. కారణం ఎంచుకోమని పట్టీ పెట్టాడు. ధర ఎక్కువ. వ్యాపారం మూతపడింది. వేరే కంపెనీ దొరికింది. ఇతరములు. ఇతరములు నొక్కి, "ఎవరూ చదవరు" అని రాశాను.

ఐదు నిమిషాల్లో బదులు. పోవద్దట. పాత ధరకే ఇస్తారట, మూడేళ్ళకి కలిపి కడితే ఇంకా తగ్గిస్తారట! మూడు వారాలు బతిమాలితే, తిడితే, గదులు అద్దెకిస్తే రానిది, పొమ్మనగానే కాళ్ళ మీద పడింది. ఇప్పుడెందుకు? ఎవరి కోసం? జవాబివ్వలేదు.

ఒల్మేదో రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి వెళ్ళాడు. పందెం గెలిచానని అనడానికే అయ్యుంటుంది, నోరు రాలేదు.

అక్టోబరు 25, బుధవారం

ఇంకో బాంబు. బల్బీనా లోపలికొచ్చి తలుపేసింది.

"అక్కా, ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా? మొగుడికి అసలు అంకె చెప్పి, మాకు దొంగ అంకె రాసిందంటున్నారు."

"మొగుడికేంటి?"

"తొంభై ఒకటి ఒక్కడే కొన్నాడు. ఉన్నవన్నీ తీసుకున్నాడు. మీ ఆయనే."

నాకు నెత్తురు మరిగిపోయింది. షెడ్డులోకి వెళ్ళాను. చిత్రిక పడుతున్నాడు.

"ఎర్మెలిందా కాగితాలు ఎందుకు చూశావయ్యా?"

"చూళ్ళేదు."

"మరి తొంభై ఒకటని ఎవడు చెప్పాడు?"

"నువ్వే."

"నేనా!"

చిత్రిక ఆపలేదు. నా మొహం చూడలేదు. చెక్కకి చెబుతున్నట్టు చెప్పాడు.

"'ఎనభై నాలుగేళ్ళ కిందట మన చర్చి గంట కట్టిన రోజున, ఏడేళ్ళ ఎర్మెలిందా తెల్ల గౌను వేసుకుని మల్లెలు చల్లింది. గంట మొదటి మోతకి జడుసుకుని బుట్టతో సహా ఫాదరు కాళ్ళ మీద పడింది. ఆ రోజు నుంచి ఆమె దేనికీ జడవలేదు.' గంటకి ఎనభై నాలుగు, పిల్లకి ఏడు. కూడుకో. పైన ఎనభై నాలుగని పెట్టి కింద ఇలా రాస్తే ఎలాగే? మతి ఉందా?"

అక్షరం పోలేదు. నాకు అంకె సంగతే గుర్తులేదు.

"అది నాలుగో పేరాలో కదూ," అన్నాను.

"ఐదోది. నాలుగోది సూదుల గురించి."

బల్ల మీద ఆయన ఫోను ఉంది. అద్దం పగిలిన పాత ఫోను. ఎన్నిసార్లు మార్చమన్నా మార్చని ఫోను.

"ఎప్పట్నుంచి చదువుతున్నావు?"

"పూజ అయ్యేదాకా బండిలో కూర్చుని ఏం చెయ్యమంటావు? ఈగల్ని కొట్టుకోనా?"

"మరి మూసెయ్యమన్నావే!"

"డబ్బు ఎక్కువన్నాను. బాలేదన్నానా?"

"బావుందని అన్నావా ఏడాదిలో ఒక్కసారి?"

"ఊరంతా మెచ్చుకుంటోందని రోజూ నువ్వే చెబుతుంటే, మధ్యలో నేనెందుకు?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చ గెలిచాననుకుని తిరిగాను, ఇంట గెలిచిన సంగతి తెలీనే లేదు. మాద్రిద్ కవికి చెమట వాసన, రంపంపొట్టు వాసన. వెళ్ళి వీపు మీద ఒక్కటి చరిచాను. తర్వాత అక్కడే తల ఆనించుకున్నాను. చిత్రిక ఆగింది.

అక్టోబరు 26, గురువారం

ఒల్మేదో రెండు వేళ్ళతో టైపు చేస్తూ రమీరోతో బేరమాడాడు, పశువుల సంతలో ఆడినట్టు. మూడేళ్ళు, పాత ధర, పైగా రెండు నెలలు ఊరికే. "లేకపోతే మూసేస్తాం" అని ప్రతి మాట చివరా పెట్టాడు. రమీరో తన ఇబ్బంది తనకే అర్థమై ఒప్పుకున్నాడు. కట్టింది తొంభై ఒకటి గెలిపించిన డబ్బే.

నేను మాత్రం పందెం గెలిచానన్నాను. "నేను లెక్కలోకి రాను," అన్నాడు. వస్తావు, అన్నాను.

బల్బీనా ఐదో పేరా కథ ఊరంతా చాటింది. దొంగ అంకె అన్న నోళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు అందరూ పాత పేజీలు తవ్వుతున్నారట, ఎక్కడ ఏ అంకె దాచానో అని.

అక్టోబరు 31, మంగళవారం

మొన్న హెనారో బాబాయి దోన్ కతలీనో పోయాడు. నలభై ఏళ్ళు ఊరికి పాలు పోసిన మనిషి. ఈసారి వయసు పైన పెట్టలేదు. చిట్టచివరి పేరాలో పెట్టాను.

బల్బీనా కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "ఎంత పని చేశావే! ఆ కడవ పగిలిన ముక్క దగ్గర నన్ను ఏడిపించి, ఆయన గాడిద దగ్గర నవ్వించి, అప్పుడు గానీ అంకె ఇవ్వలేదు!" సగటు ఐదు నిమిషాలకి ఎక్కింది. సైటు పడలేదు.

వయసు కింద ఇంకో వాక్యం కూడా పెట్టాను. దాని కోసం ఊరంతా నా వెంట పడుతోంది, అందులోని బండి అద్దానికి ఏ అంకె ఆడాలో చెప్పమని. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ పూజ మధ్యలో వాన మొదలైంది. నేను లేచి గుమ్మం దగ్గరికొచ్చాను. బండి గంట గోపురం కింద ఉంది, ఎప్పటిలాగే అద్దం దించి ఉంది, లోపల ఫోను వెలుతురులో ఆయన మొహం. చాలాసేపు నిలబడ్డాను. చివరి వాక్యం దాకా రావాలి కదా. నేను రాసింది ఇది: "బండిలో కూర్చున్న పెద్దమనిషీ, అద్దం ఎత్తు, సీటు తడుస్తోంది."

అద్దం పైకి వెళ్ళింది.